మొదటి మగ్గం: ఏ సామాను చౌకగా కొనాలి, ఏది మంచిది కొనాలి?

మా పదో తరగతి అబ్బాయిలకు మధ్యాహ్నం డబ్బా తిన్న తర్వాత ఒకటే ముచ్చట. ఫోన్‌లో ఆడే ఆటలో రైఫిల్‌కు ఏ నాళం పెట్టాలి, ఏ దుర్భిణి పెట్టాలి, ఉన్న నాణేలన్నీ ఒకే మంచి భాగం మీద పెట్టాలా, లేక అన్నీ చౌకవి కొని ముందు ఆట మొదలుపెట్టాలా? దీని మీద రోజూ కొట్లాటే. ఒకరోజు మా చరిత్ర సార్ వెనక నుంచి అంతా విన్నారు. ఇగ అందరికీ దెబ్బలే అనుకున్నాం. కానీ సార్ తిట్టలేదు. "మొదటిసారి ఒక యంత్రం జోడించేటోనికి ఎప్పుడూ ఇదే ప్రశ్న. ఆటలో తప్పు చేస్తే మళ్లా మొదలుపెట్టొచ్చు. మీ తాతలు నిజంగ జోడించిండ్రు, వాళ్లకు మళ్లా మొదలుపెట్టుడు లేదు. పోయి అడగుండ్రి, రాసుకొని రండి" అన్నారు.

మేము ఉండేది విడీ ఘర్కుల్‌లో. మరాఠీలో విడీ అంటే బీడీ, ఘర్కుల్ అంటే ఇల్లు. మా దగ్గర చాలా ఇండ్లల్లో ఆడవాళ్లు బీడీలు చుడతారు, మగవాళ్లు మరమగ్గాల మీదికి పోతారు. మా ఇల్లు కూడా అంతే. ఆ సాయంత్రం తాతను అడిగితే ఆయన సందూక అడుగు నుంచి ఒక పాత లెక్కల పుస్తకం తీసిండు. దాని మీద 1986 అని రాసి ఉంది. అది మా ఇంటి మొదటి మరమగ్గం పుస్తకం. ఈ వ్యాసం ఆ పుస్తకం నుంచి, తాత, నాయనమ్మ చెప్పిన మాటల నుంచి, మా సార్ చెప్పిన పాఠం నుంచి రాస్తున్నాను.

చెక్క మగ్గం కాలం

మన తెలుగువాళ్లు షోలాపూర్‌కు ఒక్కసారి రాలేదు. అప్పటి నిజాం రాజ్యంలోని కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మెదక్, మహబూబ్‌నగర్ వైపు నుంచి పద్మశాలీలు కొంతమంది తర్వాత కొంతమంది వచ్చారు. షోలాపూర్‌కు 1860లో రైలు వచ్చింది. 1877లో షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు నడవడం మొదలైంది. దాన్నే మనం జునీ మిల్ అంటాం. తర్వాత నర్సింగ్ గిర్జీ, లక్ష్మి, విష్ణు మిల్లులు వచ్చాయి. కొంతమంది మిల్లులో చేరారు. చాలామంది మాత్రం చేతిమగ్గం వదలలేదు.

చేతిమగ్గం నాటి లెక్క వేరు. గుంట మగ్గంలో దాదాపు అంతా కర్ర, వెదురు, తాడు. చెక్క పని వడ్ల ఆయన చేస్తాడు. నాడె విరిగితే ఇంకో నాడె చెక్కిస్తారు. పన్నె పళ్లు వెదురువి. పడుగు తోడే ఆసు, కండెలు చుట్టే రాట్నం ఇంట్లోనే ఉంటాయి. ఏది చెడిపోయినా బాగుచేసే మనిషి పక్క గల్లీలోనే దొరుకుతాడు. మా తాత వాళ్ల నాయన మగ్గం మీద ఒక్క భాగం కూడా మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా అట్లనే ఉండలేదట. అన్నీ ఒక్కొక్కటిగా మారినయి, కానీ మగ్గం మాత్రం అదే మగ్గం!

ఆ కాలంలోనే ఒక పెద్ద మార్పు జరిగింది. ఇంగ్లండ్‌లో జాన్ కే అనే ఆయన 1733లో ఒక కొత్త పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. నాడెను ఈ చేతితో విసిరి ఆ చేతితో పట్టుకోనక్కరలేదు. ఒక తాడు గుంజితే నాడె దానంతట అదే అటు నుంచి ఇటు ఉరుకుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలో షోలాపూర్ నేతగాళ్లు దీన్ని తమ మగ్గాలకు బిగించుకున్నారు. ఇక్కడ మనం గమనించవలసింది ఏమిటంటే, దీని కోసం మగ్గం మొత్తం కొత్తది కొననక్కరలేదు. పన్నె ఉండే ఊగుడు చట్రం ఒక్కటి మార్చి, రెండు పక్కల నాడె పెట్టెలు పెట్టుకుంటే చాలు. మిగతాదంతా పాత కర్రే. అంటే ఒక్క మంచి భాగంతో పాత యంత్రం పని పెంచవచ్చని మన ముత్తాతలకు అప్పుడే తెలుసు.

1785: ఒక తుపాకీ, ఒక మగ్గం

మా అబ్బాయిల రైఫిల్ ముచ్చటకు, మగ్గానికి ఏం సంబంధం అని మీరు అడగవచ్చు. సార్ చెప్పిన ఒక సంవత్సరంతో సంబంధం తెలిసింది. అది 1785.

ఆ కాలం దాకా తుపాకీని ఒక పనివాడు ఒక్కొక్కటిగా చేసేవాడు. ప్రతి భాగాన్ని ఆకురాయితో గీకి గీకి పక్క భాగానికి సరిపోయేట్టు చేసేవాడు. అందుకని ఒక తుపాకీ భాగం ఇంకో తుపాకీకి సరిపోదు. యుద్ధంలో చిన్న ముక్క విరిగితే తుపాకీ మొత్తం మూల పడ్డట్టే. 1785లో ఫ్రాన్స్‌లో ఒనొరే బ్లాంక్ అనే తుపాకుల పనివాడు యాభై తుపాకుల పేల్చే యంత్రాలను విడదీసి, భాగాలను వేరువేరు అరల్లో పెట్టి చూపించాడు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ అప్పుడు అక్కడ రాయబారిగా ఉన్నాడు. చేతికి ఏ ముక్క వస్తే ఆ ముక్క తీసుకొని తానే కొన్ని జోడించి చూశాడు. అన్నీ చక్కగా కుదిరాయి. ఈ సంగతి ఆయన ఉత్తరంలో రాశాడు. తర్వాత 1820లలో అమెరికాలోని హార్పర్స్ ఫెర్రీలో జాన్ హాల్ యంత్రాలతో రైఫిల్ భాగాలు చేసి, ఒకదాని భాగం ఇంకోదానికి సరిపోయేట్టు చేశాడు.

అదే 1785లో ఇంగ్లండ్‌లో ఎడ్మండ్ కార్ట్‌రైట్ మరమగ్గానికి మొదటి పేటెంట్ తీసుకున్నాడు. మొదటి మరమగ్గాలు సరిగా నడవలేదు. 1822లో మాంచెస్టర్‌లో రిచర్డ్ రాబర్ట్స్ పోత ఇనుముతో గట్టి మగ్గం చేశాడు. అప్పటి నుంచి మగ్గం భాగాలు కూడా ఒకే కొలతతో కార్ఖానాల్లో తయారై, పెట్టెల్లో దేశాలు దాటడం మొదలైంది. భాగాలు విడిగా అమ్ముడుపోవడం మొదలైన రోజే "చౌకదా, మంచిదా" అన్న ప్రశ్న పుట్టిందని నాకు అనిపించింది. వడ్ల ఆయన చేసిన మగ్గంలో ఆ ప్రశ్న తక్కువ. అంగట్లో రెండు రకాల ముక్కలు పక్కపక్కన పెట్టినప్పుడే కదా మనిషి ఆలోచనలో పడేది.

తుపాకుల చరిత్రలో ఇంకో సంగతి నాకు చాలా నచ్చింది. తుపాకీ నాళం బలహీనమైతే అది పగిలి ఎదుటివాడికి కాదు, పేల్చినవాడికే తగులుతుంది. అందుకని లండన్‌లో 1637 నుంచి తుపాకుల పనివాళ్ల సంఘం నాళాలను పరీక్షించేది. మామూలు కంటే ఎక్కువ మందు కూరి పేల్చి చూస్తారు. నిలిస్తే ముద్ర వేస్తారు. బర్మింగ్‌హామ్‌లో 1813లో ఇట్లాంటి పరీక్ష శాలకు చట్టం వచ్చింది. అంటే కర్రపిడి ఎంత చౌకదైనా పరవాలేదు గానీ, ప్రాణం తీసే భాగానికి మాత్రం ముద్ర కావాలి. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మా తాత మగ్గం దగ్గర మళ్లా వస్తుంది.

పాత మగ్గాలు మన దాకా ఎట్లా వచ్చాయి

మరమగ్గం మొదట పెద్ద మిల్లులకే ఉండేది. చిన్నవాళ్ల చేతికి రావడానికి సమయం పట్టింది. మన మహారాష్ట్రలోని ఇచల్‌కరంజిలో 1904లో విఠల్‌రావు దాతార్ అనే ఆయన మొదటి మరమగ్గం పెట్టాడు. తర్వాత భివండీ, మాలేగావ్, షోలాపూర్ లాంటి ఊళ్లల్లో చిన్న కార్ఖానాదార్లు మిల్లులు పక్కన పడేసిన పాత మగ్గాలు కొని నడపసాగారు. మిల్లుకు పాతబడినది చిన్నవానికి కొత్తది.

1982 జనవరి 18న ముంబయి బట్టల మిల్లుల్లో దత్తా సామంత్ నాయకత్వంలో పెద్ద సమ్మె మొదలైంది. అది ఏడాది దాటినా తెగలేదు. చాలా మిల్లులు మళ్లా లేవలేదు. లక్షల కుటుంబాలు వీధిన పడ్డాయి. వాళ్లలో మన తెలంగాణ నుంచి పోయినవాళ్లు కూడా ఎంతోమంది. పెద్ద మిల్లుల పని తగ్గిన కొద్దీ మరమగ్గాల పని పెరిగింది. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. అక్కడికి కూడా భివండీ నుంచి పాత సాంచాలు పోయినయి. ఇట్లా మన దగ్గర మొదటి మగ్గం అంటే చాలామందికి పాత మగ్గమే. కొత్తది కొనే తాహతు ఎవరికి ఉండె?

తాత పుస్తకం

మా తాత పదేండ్లు వేరేవాళ్ల కార్ఖానాలో మగ్గం నడిపిండు. 1986లో అశోక్ చౌక్ వెనక ఒక రేకుల షెడ్డులో సగం జాగ అద్దెకు తీసుకొని సొంత మగ్గం పెట్టాలనుకుండు. చేతిలో పైసలు తక్కువ. నాయనమ్మ రోజూ తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, వెయ్యి బీడీలు చుట్టేది. ఇంటి బియ్యం, ఉప్పు ఆమె పైసలతోనే. అందుకేనేమో, తాత పుస్తకంలో ధరలు రూపాయల్లో రాసి, పక్కన ఇంకో లెక్క కూడా రాసిండు. "పికర్ల జత, మూడు దినాల బీడీలు. ధోటా, ఐదు దినాల బీడీలు. మోటరు, నాలుగు నెలల బీడీలు." మరాఠీలో నాడెను ధోటా అంటారు కాబట్టి అట్లనే రాసిండు.

తాత సామాన్లను నాలుగు రకాలుగా విడదీసిండు. నేను పుస్తకం చూసి ఆశ్చర్యపోయాను, ఎందుకంటే ఆయన చదివింది మూడో తరగతి.

మొదటిది నిలబడేవి. మగ్గం రెండు పక్కల ఉండే పోత ఇనుప చట్రాలు, అడ్డ పట్టీలు. ఇవి కదలవు, అరగవు. వీటిని తుక్కు ధరకు పాతవే కొన్నడు. చట్రం మీద ఇంగ్లీషు అక్షరాల్లో బ్లాక్‌బర్న్ అని పోత పోసి ఉండేదట. అది ఇంగ్లండ్‌లో మగ్గాలు చేసిన ఊరు. "నాకన్న పెద్ద వయసు దానిది. అయినా నాకన్న నిటారుగ నిలబడె" అని తాత నవ్విండు.

రెండోది తిరిగేవి. క్రాంక్ షాఫ్ట్, దాని కింద షాఫ్ట్, పళ్ల చక్రాలు, మోటరు. వీటిలో షాఫ్ట్ పాతదే తీసుకున్నడు, కానీ అది తిరిగే చోట ఉండే ఇత్తడి బుష్‌లు మాత్రం కొత్తవి పోయించిండు. పళ్ల చక్రాలను ఒక్కొక్క పన్నూ వేలితో తడిమి చూసి ఏరుకున్నడు. మోటరు రీవైండింగ్ చేసింది కొన్నడు.

మూడోది కొట్టేవి, రాసుకునేవి. ధోటా, దాన్ని కొట్టే పికర్, పికర్‌ను లాగే కర్ర, తోలు పట్టీ, పోగును లోపలికి కొట్టే ఫణి. ఫణి అంటే మన పన్నె, మరమగ్గానికి ఉక్కు తీగెలది. ఫణి కొత్తదే కొన్నడు. ఎందుకంటే ఒక్క తీగె వంగితే గుడ్డ పొడుగునా గీత పడుతుంది. అప్పుడు షావుకారు మజూరీ కోస్తాడు. ధోటా కూడా కొత్తదే.

ఇక్కడిదాకా వచ్చేసరికి పైసలు అయిపోయినయి. మిగిలింది పికర్ల జత, తోలు పట్టీలు. ఒక పాత సామాన్ల దుకాణంలో వాడిన పికర్లు దొరికినయి. చూడడానికి బాగానే ఉన్నయి. మూడు దినాల బీడీలు మిగిలినయి అని తాత సంతోషపడ్డడు.

నాలుగోది ఆపేవి. ధోటా దారి తప్పితే మగ్గాన్ని ఆపే ఏర్పాటు, ధోటా బయటికి ఎగరకుండా ముందు పక్క అడ్డంగా ఉండే ఇనుప కడ్డీ. ఈ కడ్డీ ఆ పాత మగ్గంతో రాలేదు. "కడ్డీ లేకున్నా గుడ్డ నేస్తది కదా, తర్వాత సూద్దాం" అనుకున్నడు. పుస్తకంలో నాలుగో రకం కింద ఏమీ రాసి లేదు. ఖాళీ జాగ ఉంది.

పదకొండో రోజు

పికర్ గురించి తెలియనివాళ్లకు చెప్తాను. అది ఎండిన బర్రె తోలుతో చేసిన గట్టి ముక్క. ధోటా కొనకు ఉక్కు మొన ఉంటుంది. పికర్ ఆ మొనను కొడితే ధోటా పడుగు పోగుల మధ్య నుంచి అవతలి పెట్టెలోకి ఉరుకుతుంది. ఒక మామూలు మగ్గం నిమిషానికి 120 పేకలు వేస్తే గంటకు 7,200. ఎనిమిది గంటలకు 57,600. రెండు పక్కల రెండు పికర్లు కాబట్టి ఒక్కొక్కటి రోజుకు 28,800 దెబ్బలు కొట్టాలి. ఈ లెక్క నేను చేసి తాతకు చూపిస్తే, "గన్ని దెబ్బలా!" అని ఆయనే ఆశ్చర్యపోయిండు. అన్ని దెబ్బలకు పికర్‌లో మొన తగిలే గుంత పెద్దదైపోతుంది. అప్పుడు ధోటా నేరుగా పోదు. మొన పైకి లేస్తుంది.

మగ్గం మొదలైన పదకొండో రోజు సాయంత్రం ధోటా పైకి లేచి బయటికి ఎగిరింది. అరకిలోకు కాస్త తక్కువ బరువున్న కర్ర, రెండు పక్కల ఉక్కు మొనలు. అది తాత ఎడమ భుజం ఎముకకు తగిలింది. ఒక జానెడు పైకి తగిలితే ఏమయ్యేదో నాయనమ్మ ఇప్పటికీ చెప్పదు, చేతితో కంటిని చూపించి ఊరుకుంటది. అప్పుడు మా బాపు చిన్న పిలగాడు, షెడ్డులో కండెల బుట్ట పక్కన కూసుండి ఉన్నడట.

తాత నెలన్నర మగ్గం ముట్టలేదు. మగ్గం ఆగింది, షెడ్డు అద్దె ఆగలేదు. నూలు ఇచ్చిన షావుకారు మనిషిని పంపిండు. నాయనమ్మ దినాం వెయ్యి చుట్టేది, ఆ నెలన్నర దీపం పెట్టుకొని ఇంకా చుట్టింది. నేను ఆమెను "తాత మీద కోపం రాలేదా?" అని అడిగాను. ఆమె అన్నది: "కోపమెందుకు బిడ్డా? నా మూడు దినాల కష్టం మిగిలియ్యాలనే కదా పాత పికర్లు కొన్నడు. కని ఆ మూడు దినాలు నలభై ఐదు దినాలైనయి."

మళ్లా మగ్గం మొదలుపెట్టేముందు తాత మొదట కొన్నది కొత్త పికర్లు కాదు. లోహార్ దగ్గరికి పోయి ధోటా అడ్డు కడ్డీ చేయించిండు. పుస్తకంలో నాలుగో రకం కింద మొదటిసారి ఒక వరుస రాసిండు: "కడ్డీ, ఒక దినం బీడీలు." ఒక్క దినం. అంతే దాని ఖరీదు. ఆ తర్వాతే పికర్లు కొన్నడు.

అప్పుడు నాకు లండన్ నాళాల ముద్ర గుర్తొచ్చింది. తుపాకీ నాళం పగిలితే ప్రమాదమని అక్కడ 1637లోనే పరీక్ష పెట్టారు. మా తాత కొన్న పికర్‌ను పరీక్షించి ముద్ర వేసేవాళ్లు ఎవరూ లేరు. కొనేవాని కన్నే పరీక్ష, భుజమే ముద్ర.

జపాన్‌లో ఒక వడ్రంగి కొడుకు

ఇదంతా విని "అయితే అన్నీ ఖరీదైనవే కొనాలి" అని మీరు అనుకోవచ్చు. నేనూ అట్లనే అనుకున్నాను. కానీ సార్ ఇంకో కథ చెప్పారు.

జపాన్‌లో సాకిచి టొయోడా అనే ఆయన ఉండేవాడు. 1867లో పుట్టాడు, తండ్రి వడ్రంగి. ఆ కాలంలో జపాన్‌కు ఐరోపా నుంచి వచ్చే ఇనుప మగ్గాలు చాలా ఖరీదు. చిన్న నేతగాళ్లు వాటిని కొనలేరు. 1896లో టొయోడా ఒక మరమగ్గం చేశాడు. దాంట్లో మొత్తం ఇనుము పెట్టలేదు. చట్రం కర్రది. బలం తప్పనిసరిగా కావలసిన చోట మాత్రమే ఇనుము, ఉక్కు. అందుకని దాని ధర విదేశీ మగ్గం ధరలో చిన్న భాగమే అయింది. కానీ చౌకగా చేస్తూ కూడా ఆయన వదలనిది ఒకటి ఉంది. పేక దారం తెగితే మగ్గం దానంతట అదే ఆగాలి.

తర్వాత 1924లో ఆయన కంపెనీ నడుస్తుండగానే ధోటా మార్చుకునే ఆటోమేటిక్ మగ్గం తెచ్చింది. 1929లో ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్ అనే పెద్ద యంత్రాల కంపెనీ ఆ మగ్గం హక్కులు కొనుక్కుంది. ఒకప్పుడు ప్రపంచానికి మగ్గాలు అమ్మిన దేశం, కర్ర చట్రంతో మొదలుపెట్టిన మనిషి దగ్గర కొనవలసి వచ్చింది. ఈ రోజు రోడ్డు మీద మనం చూసే టొయోటా కార్లు ఆ కుటుంబం మొదలుపెట్టిన కంపెనీవే.

కాబట్టి చౌక సామాను తప్పు కాదు. మా తాత చేసిన మొదటి మూడు లెక్కలు టొయోడా లెక్కలే. నిలబడేదానికి చౌకది, పని చేసేదానికి మంచిది. టొయోడా వదలనిది, తాత వదిలింది నాలుగోది, ఆపే భాగం. తేడా అంతా అక్కడ ఉంది. తాతకు తెలివి తక్కువై కాదు. నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి పైసలు లేవు. ఆపే భాగం గుడ్డ నేయదు, మజూరీ తేదు. అందుకే బీదవాళ్లు ఎప్పుడూ దాన్నే ఆఖరున కొంటారు.

ఇప్పుడు మా ఇంట్లో

ఇది పాత కథ మాత్రమే అయితే నేను ఇంత రాసేదాన్ని కాదు. ఈ ఏడు మా ఇంట్లో అదే ప్రశ్న మళ్లా వచ్చింది. బాపు దగ్గర ఇప్పుడు నాలుగు మగ్గాలు ఉన్నాయి, టవళ్లు నేస్తారు. మా అన్న రేపియర్ మగ్గం కొందామంటాడు. రేపియర్‌లో ధోటా ఉండదు. ఒక చేయిలాంటి కడ్డీ పేక దారాన్ని పట్టుకొని అవతలికి తీసుకుపోతుంది. వేగం ఎక్కువ, ధోటా ఎగిరే భయం లేదు. కొత్తది మన శక్తికి మించింది. సెకండ్ హ్యాండ్‌ది దొరుకుతుంది, దానికి కూడా అప్పు చేయాలి. బాపు అంటాడు, "అది చెడిపోతే బాగుచేసే మనిషి మన గల్లీల లేడు. మన పాత మగ్గం చెడిపోతే నేనే చేసుకుంట." అన్న అంటాడు, "ఇంకెన్ని దినాలు తాత మగ్గాలే నడుపుదం బాపూ?" ఇద్దరి మాటా నిజమే. అందుకే గొడవ తెగలేదు.

మధ్య దారి కూడా ఉంది. 2017 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం పవర్‌టెక్స్ ఇండియా అనే పథకం ప్రారంభించింది. పాత సాదా మరమగ్గం పారేయకుండా దానికే కొన్ని కొత్త భాగాలు బిగించుకోవడానికి సాయం చేయడం కూడా దాంట్లో ఉండేది. ఏం భాగాలు? పడుగు పోగు తెగితే ఆపేది, పేక తెగితే ఆపేది, మంచి బ్రేకు. చూడండి, ఎక్కువ భాగం ఆపేవే! తాత పుస్తకంలో ఖాళీగా ఉన్న నాలుగో రకమే. జాన్ కే నాడె పెట్టెలు మన ముత్తాతల కర్ర మగ్గానికి బిగించుకున్నట్టే ఇది కూడా.

నేను ఒక పని చేశాను. తాత పుస్తకం లాగానే ఒక పట్టిక గీశాను. రేపియర్‌కు ఒకటి, మన పాత మగ్గాలకు ఒకటి. ప్రతి భాగానికి ఎదురుగా మూడు ప్రశ్నలు రాశాను. ఒకటి, దీని ధర ఎంత? రెండు, ఇది విరిగితే మగ్గం ఎన్ని దినాలు ఆగుతుంది? మూడు, ఇది విరిగితే ఎవరికి తగులుతుంది? మొదటి రెండు ప్రశ్నలకు బాపు, అన్న వెంటనే జవాబులు చెప్పారు. మూడోదాని దగ్గర ఇద్దరూ ఆగారు. మా షెడ్డులో ఇంకో ఇద్దరు పనివాళ్లు కూడా మగ్గాలు నడుపుతారు. రెండు మగ్గాల అడ్డు కడ్డీలు వదులై ఉన్నాయని అప్పుడు బయటపడింది. తాత భుజం పట్టుకొని లేచి పోయిండు, ఏమీ అనలేదు. మరునాడు పొద్దున బాపు ఆ రెండు కడ్డీలు బిగించిన తర్వాతే మగ్గాలు చాలు చేసిండు.

ఇప్పటికి అనుకున్నది ఇది. ఈ ఏడు అప్పు చేయరు. రెండు మగ్గాలకు ఆపే భాగాలు కొత్తవి పెడతారు. అన్న అక్కల్‌కోట్ రోడ్డు మీద రేపియర్ ఉన్న ఒక కార్ఖానాలో ఏడాది పని నేర్చుకుంటాడు. బాగుచేయడం వచ్చిన తర్వాత కొనే సంగతి చూస్తారు. అన్నకు ఇది పూర్తిగా నచ్చలేదు, అయినా ఒప్పుకున్నాడు.

నేను నేర్చుకున్నది

మా తరగతి అబ్బాయిలకు జవాబు చెప్తాను. ఏ యంత్రమైనా మొత్తంగా చౌకదో, మొత్తంగా ఖరీదైనదో ఉండదు. రైఫిల్‌లో కర్రపిడి వేరు, నాళం వేరు. మగ్గంలో చట్రం వేరు, పికర్ వేరు. నిలబడే భాగం పాతదైనా సరే. కొట్టే భాగం కొత్తది కొనండి. ఆపే భాగం మాత్రం అన్నిటికన్నా ముందు కొనండి, ఎందుకంటే అది సాధారణంగా అన్నిటికన్నా చౌకగానే దొరుకుతుంది. మా ఇంట్లో దాని ఖరీదు ఒక్క దినం బీడీలు. అది లేకపోవడం ఖరీదు నలభై ఐదు దినాలు.

ఇంకో మాట పెద్దవాళ్లకు. చరిత్ర పుస్తకాల్లో కే, కార్ట్‌రైట్, టొయోడా పేర్లు ఉంటాయి. మంచి సామాను కొనడానికి పైసలు ఎక్కడి నుంచి వచ్చాయో మాత్రం ఎక్కువ రాయరు. మా ఇంట్లో అవి తునికాకు నుంచి వచ్చాయి. నాయనమ్మకు మగ్గం నడపడం రాదు. కానీ ఆ పుస్తకంలో ప్రతి భాగం పక్కన ఆమె దినాలే రాసి ఉన్నాయి.

వచ్చే రాఖీ పున్నమి నాడు మార్కండేయ రథం చూడడానికి మన వాళ్లందరం కలుస్తాం కదా. అప్పుడు మీ ఇంటి పెద్దవాళ్లను కూడా అడగండి, మన మొదటి మగ్గానికి ఏది పాతది, ఏది కొత్తది కొన్నరు అని. పుస్తకం ఉంటే తీసి చూడండి. లేకపోతే చెప్పింది రాసి పెట్టండి. నా వ్యాసంలో తప్పులుంటే పెద్దలు మన్నించి సరిదిద్దగలరు.